వాసన లేని బావ

ఇందుమతికి మూడో నెల రాగానే మొగుడు కంపు కొట్టడం మొదలుపెట్టాడు.

ఇందులో తాతాజీ తప్పేమీ లేదని ముందే చెప్పేస్తే మంచిది. మనిషి రెండు పూటలా స్నానం చేస్తాడు. కాకినాడలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పిల్లల్ని పరుగెత్తించి, తానూ వాళ్ళ వెనక పరుగెత్తి, సాయంత్రానికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఇంటికి చేరేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళూ ఆ చెమట వాసన ఇందుమతికి ఇష్టమే. గుమ్మంలో అది తగిలిందంటే చాలు, రోజంతా ల్యాబ్‌లో బిగబట్టుకున్న ఒళ్ళు వదులయ్యేది. "బావొచ్చాడు" అనుకుని కాఫీ పెట్టేది. దూరపు వరసలో బావే కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు.

కడుపులో నలుసు పడగానే అదే వాసన ఆమెను వాష్‌బేసిన్ దాకా తరమసాగింది.

వేవిళ్ళు కొత్త సంగతి కాదు. కొందరికి పోపు పడదు, కొందరికి కాఫీ పడదు. అత్తగారు మంగతాయారుకి తాతాజీ కడుపులో ఉన్నప్పుడు కాల్చిన అగ్గిపుల్ల వాసన పడక, పక్కింటావిడ వచ్చి పొయ్యి వెలిగించి పోయేదట. ఇందుమతికి వెల్లుల్లి పడింది, ఇంగువ పడింది, చేపల మార్కెట్టు పక్కనుంచి ఆటోలో వెళ్ళినా ఏమీ కాలేదు. పడనిది మొగుడొక్కడే.

"సబ్బు మార్చేనే," అన్నాడు తాతాజీ గుమ్మం అవతల నిలబడి.

"సబ్బు కాదు బావా, నువ్వే."

"నన్నెలా మార్చుకోనే?"

మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. అతను వరండాలో భోంచేసి, హాల్లో పడుకున్నాడు. హాల్లోంచి గాలి తిరిగితే ఆమె లేచి కూర్చునేది. తిన్నది నిలవలేదు. మెడ కింద ఎముకలు తేలాయి. బిడ్డ ఎదగాల్సినంత ఎదగడం లేదనీ, ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి సెలైను పెట్టాల్సిందేననీ డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో ఆ విషయం మీద ఎవరూ నవ్వలేదు.

మందు మాత్రం ఇందుమతి పనిచేసేచోటే ఉంది.

ఆమె పనిచేసే చర్మ పరిశోధనశాలలో నాలుగేళ్ళుగా ఒక తెల్లటి ముద్దను పెంచుతున్నారు. చూడ్డానికి అచ్చం గడ్డపెరుగే. పేరు పొడుగ్గా, పలకడానికి కష్టంగా ఉంటుంది కాబట్టి ల్యాబ్‌లో అందరూ దాన్ని పెరుగనే అంటారు. మంచాన పడి నెలల తరబడి లేవలేని రోగుల కోసం తలపెట్టిన పని అది. దాన్ని రాసుకుంటే ఒంటికి ఏ వాసనా ఉండదు.

"చెమటకి వాసనుండదు బావా," అని ఇందుమతి కిటికీ అవతలున్న మొగుడికి చెప్పింది. "మన చర్మం మీద కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి. చెమటని అవి తిని వదిలేదే వాసన. నీ మీదున్న వాటిని కడిగేసి, వాటి చోట మా పెరుగులోవి పెడతాం. ఇవీ తింటాయి గాని వాసన వదలవు."

"అంటే నా మీదున్నవాళ్ళని ఖాళీ చేయించి కొత్తవాళ్ళని అద్దెకి దింపుతావన్నమాట."

"పురుడయ్యేదాకానే. తర్వాత పాతవాళ్ళని తెచ్చి పెట్టేస్తాం."

"నువ్వు తారు పూసుకోమన్నా పూసుకుంటానే. బిడ్డ ఒళ్ళు చేస్తే చాలు."

ల్యాబ్ పెద్ద డాక్టర్ జుబేదా ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఒప్పుకున్నాక ఒకే మాట గట్టిగా చెప్పింది: "తోడు తియ్యడం మరిచిపోకు." కడగకముందే ఆ మనిషి ఒంటి మీది సూక్ష్మజీవుల్ని కాస్త దూదిపుల్లతో తీసి, గొట్టంలో పెట్టి గడ్డకట్టించాలి. తర్వాత వాటినే పెంచి తిరిగి రాస్తారు. దీన్నే ల్యాబ్‌లో తోడు అంటారు. అది లేకపోతే పాత ఒళ్ళు తిరిగి రాదు.

నిజానికి తోడు తీయాల్సింది ల్యాబ్ మనిషి. ఆ రోజు అక్కడున్న ల్యాబ్ మనిషి ఇందుమతి ఒక్కతే. మొగుడి చంకలో దూదిపుల్ల పెట్టడం మాట దేవుడెరుగు, అతనున్న గదిలోకి వెళ్ళడమే ఆమె వల్ల కాలేదు. ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని నడవా చివర నిలబడి, స్నానాల గది తలుపుకేసి చూస్తూ అరిచింది.

"మెడ, ఛాతీ, చంకలు. మూడుచోట్లా దూదిపుల్లతో రుద్ది గొట్టంలో వేసెయ్. సీసాలో మందునీళ్ళున్నాయి, వాటితో ఒళ్ళంతా కడుక్కో. తర్వాత పెరుగు రాసుకో. వింటున్నావా?"

"ఆఁ, ఆఁ!" అని లోపల్నుంచి జవాబొచ్చింది. నీళ్ళ చప్పుడులో ఎంత విన్నాడో ఆ పరమాత్ముడికే తెలియాలి.

వారం తిరక్కుండా ఇంట్లో పండగ వాతావరణం వచ్చింది. తాతాజీ మైదానం నుంచి తిన్నగా వచ్చి పెళ్ళాం పక్కన సోఫాలో కూర్చున్నాడు. చొక్కా తడిసి ఉంది. ఇందుమతి ముక్కు అతని భుజానికి ఆనించి గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. కడుపు కదల్లేదు. "బావా!" అని మెడ చుట్టూ చేతులు వేసింది. మంగతాయారు పనసపొట్టు కూర వండితే రెండుసార్లు అడిగి వడ్డించుకుంది. "ఇంకాస్త వేసుకోవే, నీకు కాదు, లోపలున్న వాళ్ళకి," అంటూ అత్తగారు నెయ్యి కుమ్మరించింది. తర్వాతి నెల పరీక్షలో బిడ్డ బరువు చూసి డాక్టరు తలాడించింది. ల్యాబ్‌లో జుబేదా అందరికీ గొట్టంకాజాలు పంచింది.

అన్నీ బాగున్నప్పుడే మనిషికి కొత్త దిగులు మొదలవుతుందంటారు. ఇందుమతికి అది చిన్న చిన్న ఉలికిపాట్లుగా మొదలైంది.

వంటింట్లో తిరిగి చూస్తే అతను నిలబడి ఉండేవాడు. ఎప్పుడొచ్చాడో తెలిసేది కాదు. పాత రోజుల్లో అతను గేటు తీసేసరికే ఆమెకు తెలిసిపోయేది. ఇప్పుడు కళ్ళతో చూస్తేగాని ఇంట్లో మరో మనిషున్నట్టు అనిపించడం లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ నడుం వాల్చారు. మగత నిద్రలో అతని మోచెయ్యి తగిలింది. ఆమె కళ్ళు మూసుకునే, "కొంచెం జరగండి," అంది. బస్సులో పక్క సీటువాడితో అన్నట్టే అంది. తాతాజీ మంచం అంచుకి జరిగాడు. ఆమెకు మెలకువ వచ్చేసరికి పక్కన లేడు.

అంతకన్నా కష్టమైంది మరొకటి. బిడ్డ కదలడం మొదలుపెట్టాక తాతాజీ సంబరంగా పొట్ట మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడగానే ఇందుమతి ఒళ్ళు బిగుసుకుపోయేది. పరాయి మగాడి చెయ్యి పడినట్టు ఉండేది. తోసెయ్యాలనిపించి, అలా అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయేది. అతను మంచివాడని ఆమెకు తెలుసు. తన కోసం ఒళ్ళే మార్చుకున్నాడనీ తెలుసు. కళ్ళు తెరిచి చూస్తే తాతాజీయే, అదే నవ్వు, అవే చెవులు. కళ్ళు మూసుకుంటే ఎవరూ కాదు. మొగుడి మీద ప్రేమ పోయిందా? బిడ్డ పుట్టబోయే ముందా పోవడం? ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆమె మరింత మర్యాదగా, మరింత తియ్యగా మాట్లాడసాగింది. ఆ తియ్యదనమే తాతాజీని ఎక్కువ భయపెట్టింది.

అతను పొట్ట మీద చెయ్యి వెయ్యడం మానేశాడు. గదిలోకి వచ్చేముందు దగ్గి వచ్చేవాడు. ఒకరోజు చాలా మామూలుగా, "స్కూల్లో ఆటసామాన్ల గదిలో మంచం ఉందే. జిల్లా పోటీలు దగ్గరకొచ్చేయి కదా, పురుడయ్యేదాకా అక్కడే పడుకుందామనుకుంటున్నా," అన్నాడు. జిల్లా పోటీలకీ పురుడుకీ సంబంధమేమిటని ఆమె అడగలేదు. వద్దని కూడా అనలేకపోయింది. అనలేనందుకు ఆ రోజంతా ఏడుపు దిగమింగుకుంది.

అతను వెళ్ళకముందే పుట్టినరోజు వచ్చింది.

కొడుకు పుట్టినరోజుకి మంగతాయారు తలంటు పోయాల్సిందే. వాడు డ్రిల్లు మాస్టారైనా, కలెక్టరైనా ఆమెకు ఒకటే. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనె నెత్తిన పట్టించి, ఎప్పటిలాగే వాడి తలని గుండెకి అదుముకుని మాడు మీద ముక్కు పెట్టి పీల్చింది. పీల్చి ఆగిపోయింది. మళ్ళీ పీల్చింది. చెవుల వెనక పీల్చింది, మెడ దగ్గర పీల్చింది.

"ఏవిటిరా ఇది? నీ వాసనేదిరా?"

"ఇందు ఏదో మందు రాసిందిలే అమ్మా. పురుడయ్యాక పోద్ది."

"చంటిపిల్లాడివప్పట్నుంచీ ఉన్న వాసన్రా! వందమంది పిల్లల్లో వదిలేసినా కళ్ళుమూసుకుని ఏరుకొచ్చేదాన్ని." మంగతాయారు నూనె చేతులతోనే కోడలివైపు తిరిగింది. "నా కొడుకుని తుడిచేసేవేవిటే?"

ఇందుమతి పెరటి మెట్టు మీద కూలబడి భోరుమంది. అత్తగారు తిట్టిందని కాదు. తనొక్కతెకే కాదు, కన్నతల్లికీ అలాగే అనిపించిందని.

"నాకూ బావలా అనిపించట్లేదత్తయ్యా! ముట్టుకుంటే పరాయివాడిలా ఉంటున్నాడు. నేనేదో పాపిష్టిదాన్నయిపోయేననుకున్నా. పెళ్ళానికి మొగుడు పరాయివాడిలా అనిపించడమేవిటి, అదీ ఇలాంటప్పుడు!"

తాతాజీ కళ్ళలోకి నూనె కారుతోంది. తుడుచుకోకుండా పీట మీంచి లేచొచ్చాడు.

"అదా సంగతి? నా మీద నీకు ఇష్టం పోయిందనుకున్నానే."

"నేనూ అదే అనుకున్నాను బావా."

"మరి చెప్పొద్దూ?"

"ఏమని చెప్పను!"

మంగతాయారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే, ఏడ్చింది చాలు. ముందు ఆ వాసన తెచ్చి పెట్టండి. తలంటు తర్వాత సంగతి," అని నూనెగిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ల్యాబ్‌లో తోడు గొట్టాన్ని బయటికి తీశారు. కృత్రిమ చెమట కలిపిన జిగురు పళ్ళేల మీద దాన్ని పరిచి, వెచ్చని అరలో ఉంచారు. మర్నాడు చూస్తే ఏమీ మొలవలేదు. ఆ మర్నాడూ అంతే. పళ్ళెం అద్దంలా మెరుస్తోంది. జుబేదా తాతాజీని పిలిపించింది. అతను స్కూలు నుంచి బూట్లతోనే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ రోజు ఏం చేశారో వరసగా చెప్పండి. ముందు ఏం చేశారు?"

"ముందు ఒళ్ళు కడుక్కున్నానండి."

"మందునీళ్ళతోనా?"

"ఆయ్. సీసా మొత్తం వాడేసేనండి. తర్వాత తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుని, అప్పుడు దూదిపుల్లతో తీసి గొట్టంలో వేసేనండి."

"కడుక్కున్నాక తీశారా?"

"మరి ల్యాబ్‌కిచ్చేది మురికిగా ఎలాగిస్తామండీ? పెద్దపెద్దవాళ్ళు చూస్తారు కదండీ."

జుబేదా రెండు చేతులతో తల పట్టుకుంది. కాసేపటికి ఆ తల కదలడం చూసి ఏడుస్తోందేమోనని తాతాజీ కంగారుపడ్డాడు. ఆవిడ నవ్వుతోంది. "పెరుగు గిన్నె తోమి బోర్లించి, తోమిన గిన్నెలో తోడు వెతుకుతున్నామమ్మా!" అంది. ఇందుమతికి నవ్వు రాలేదు. దగ్గరుండి చూసుకోవాల్సింది తను. కడుపు తిప్పుతోందని నడవా చివర నిలబడి కేకలేసింది తను. అతను ఎప్పుడూ ఏ పని చేసినా నలుగురి ముందూ ఆమె తల దించుకోవలసి రాకూడదని చేసేవాడు. శుభ్రంగా ఉండాలని చేసిన పని ఇలా తిరగబడింది.

జుబేదా కూడా నవ్వు ఆపి కుర్చీలో వెనక్కి వాలింది. "మనం మంచాన పడ్డవాళ్ళకి రాద్దామనుకున్నాం ఇందూ. వాళ్ళ పక్కన కూర్చునేది ఎవరు? తల్లులు, పెళ్ళాలు, మొగుళ్ళు. వాళ్ళకి కళ్ళు మూసుకుంటే అక్కడ మనిషే లేనట్టుంటే? వాసన పోగొట్టడమే చూశాం గాని, దానితో ఇంకేం పోతుందో చూడలేదు." ఆ రోజే ఆవిడ మిగతా ప్రయోగాలన్నీ ఆపేయించింది. నాలుగేళ్ళ పని. ఆపమని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గాని, చేతిలోని పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

తాతాజీ బట్టల్లో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికారు. లాభం లేకపోయింది. పెళ్ళానికి పడదని అతను చొక్కాలూ, దుప్పట్లూ, చివరికి బూట్ల లోపలి అట్టలు కూడా వేడినీళ్ళలో ఉడకబెట్టేశాడు.

"ఇంట్లో పెరుగు అయిపోతే పక్కింటికెళ్ళి తోడు తెచ్చుకుంటాం కదా," అంది జుబేదా ఆలోచిస్తూ. "మాస్టారి పక్కన ఇన్నేళ్ళూ పడుకున్నదెవరు?"

ఇందుమతి నోరు తెరిచింది. అంత చదువూ చదివి తనకి తట్టలేదు. ఒకే పక్క మీద పడుకునే ఇద్దరిలో ఒకరి ఒంటి మీది సూక్ష్మజీవులు మరొకరికి చేరుతూనే ఉంటాయి. కాని నెలల తరబడి అతన్ని దూరం పెట్టింది. ఇంకా మిగిలున్నాయా? ఆమె మెడ మీద, భుజాల మీద, అరికాళ్ళ మీద దూదిపుల్లలు రుద్దారు. ఈసారి జుబేదా స్వయంగా రుద్దింది.

పళ్ళేలు మొలిచాయి. వాటిలో ఇందుమతివి ఏవో, తాతాజీవి ఏవో ఏ యంత్రమూ చెప్పలేకపోయింది, పోల్చి చూడ్డానికి అతనివంటూ ఏమీ మిగల్లేదు మరి. పళ్ళేలు వాసన చూస్తానని ఇందుమతి ముందుకొస్తే, కడుపుతో ఉన్న మనిషి వాటి దగ్గర ముక్కు పెట్టడానికి వీల్లేదని జుబేదా కసిరింది. అప్పుడు మంగతాయారుని పిలిపించారు. ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. తెల్లకోటు తొడిగితే, "ఇదేవిటే, కాంపౌండరులాగ!" అనుకుంటూనే వేయించుకుంది.

జుబేదా ఒక్కొక్క మూతా కొంచెంగా ఎత్తి, చేత్తో గాలిని ఆవిడవైపు విసిరింది.

"ఇది కాదు... ఇదీ కాదు. ఇది ఇందుదే, దీని తలగడ ఇలాగే ఉంటది. ఇది పులిసిన అట్లపిండిలాగుందండి..." అని ఒక్కోటీ దాటుకుంటూ వచ్చి, ఒక పళ్ళెం దగ్గర ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"ఇదిగోనమ్మా, ఇదే మావాడు. ఎక్కడ్నించి తీసేరిది?"

జుబేదా పళ్ళెం అడుగున రాసింది చూసింది. "మీ కోడలి ఎడమ భుజం."

ఇందుమతి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి వెళ్ళింది. తాతాజీ నిద్రలో తల పెట్టేది అక్కడే. అత్తగారు దగ్గరకొచ్చి ఆ భుజాన్ని ఒకసారి నిమిరింది. "నేను తుడిచేసేవన్నాను. నువ్వు దాచేవే, పిచ్చిపిల్లా," అంది.

అడ్డుపడింది తాతాజీయే. పురుడయ్యేదాకా రాసుకోనన్నాడు.

"మళ్ళీ నీకు వాంతులొస్తే? తిన్నది నిలవకపోతే? ఇప్పుడిప్పుడే బిడ్డ ఒళ్ళు చేస్తోంది. కొన్నాళ్ళు పరాయివాడిలాగే ఉంటానే, పోయిందేముంది?"

"డాక్టరునడిగేను. ఏడో నెల దాటింది, బరువు బాగుంది, వాంతులైనా ఫర్వాలేదంది."

"అయినా వద్దు."

"బావా, ఇలా చూడు." ఇందుమతి అతని చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. పెట్టుకోగానే ఆమె వీపు బిర్రబిగిసింది. అది అతని చేతికీ తెలిసింది. "ఇదిగో, ఇది నాకొద్దు. కక్కుకుంటే నోరు కడుక్కుంటాను. ఇది దేంతో కడుక్కోను? నా బిడ్డ పుట్టేటప్పుడు పక్కన నువ్వుండాలి. నీలాంటివాడు కాదు, నువ్వు."

తాతాజీ చొక్కా బొత్తాలు విప్పుకుంటూ, "సీసా ఎక్కడుందో చెప్పు. ఈసారి ముందేదో, తర్వాతేదో కాగితం మీద రాసియ్యి," అన్నాడు.

ఈసారి ఇందుమతి దగ్గరుండి తన చేత్తోనే రాసింది.

రాశారు గాని, పట్టుకోవడం వాటి ఇష్టం. అప్పటికే చర్మమంతా ఆక్రమించి కూర్చున్నవి ఊరికే చోటిస్తాయా? రోజూ పొద్దున్నే మంగతాయారు కొడుకు తల వంచి వాసన చూసేది. "ఉహుఁ," అని పెదవి విరిచేది. "ఇవాళేవైనా కాస్త...?" అని అతను ఆశగా అడిగితే, "నీ తలకి రాసిన నూనె వాసన్రా అది," అనేది. రోజులు గడిచాయి. జుబేదా మరో విడత రాయించింది. పట్టకపోతే ఇక చేసేదేమీ లేదని ఆవిడ ఇందుమతికి విడిగా చెప్పింది. ఇందుమతి ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

ఈలోగా సీమంతం ముహూర్తం వచ్చేసింది.

వీధి వీధంతా దిగింది. హాల్లో కుర్చీలో ఇందుమతిని కూర్చోబెట్టి, పసుపు రాసి, ఒకరి తర్వాత ఒకరు గాజులు తొడుగుతున్నారు. సాంబ్రాణి పొగ, మల్లెదండలు, పులిహోర పోపు, ఇన్ని చీరలకున్న బీరువా వాసన, అన్నీ కలిసి గది నిండిపోయింది. మంగతాయారు చలిమిడి ముద్ద చీరకొంగులో పెడుతూ పాటందుకుంది. తాతాజీ ఇంట్లో లేడు. భోజనాలకి బల్లలు చాలవని స్కూలు నుంచి తానే మోసుకొస్తానని ఎండలో పోయాడు.

ఎదురింటావిడ ఎడమచేతికి ఆఖరి గాజు ఎక్కిస్తుండగా ఇందుమతి ముఖం మారింది. కళ్ళు పెద్దవయ్యాయి. ముక్కుపుటాలు అదిరాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చలిమిడి కింద పడుతున్నా చూసుకోకుండా, గాజులు గలగలమంటుండగా పెరట్లోకి పరుగెత్తింది. పాట ఆగిపోయింది. "అయ్యో, పిల్లకేవైంది?" "దిష్టి తగిలిందండీ!" "నీళ్ళు, నీళ్ళు!" అంటూ ఆడవాళ్ళంతా వెనకాలే వచ్చారు.

ఇందుమతి తూము దగ్గర వంగి, పొద్దున్నుంచి తిన్నదంతా కక్కేసింది. మంగతాయారు చెంబుతో నీళ్ళు పట్టుకుని, మరో చేత్తో నుదురు పట్టుకుంది. పిల్ల ఒళ్ళంతా అదురుతోంది. ఏడుస్తోందనుకుని ముఖం పైకెత్తి చూస్తే నవ్వుతోంది. కాటుక కరిగి బుగ్గల మీద కారుతోంది, నోరు తడిగా ఉంది, నవ్వు ఆగడం లేదు.

వీధివైపు గేటు అప్పుడే కిర్రుమంది. బల్ల కింద పెట్టిన చప్పుడైంది.

"అత్తయ్యా," అంది ఇందుమతి, అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుని. "బావొచ్చాడు."